నాయన తిప్పి కొన్న బేరింగు

మా ఊళ్లో ఇంటి బావిని పూడ్చేస్తున్నామని చిన్నాయన కొడుకు నాగరాజు ఫోను చేసినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఆ ఇల్లూ ఆ స్థలమూ వాడివే అయి చాలాకాలమైంది. బావిలో నీళ్లు పోయి అంతకంటే ఎక్కువ కాలమైంది. ఊళ్లోవాళ్లు అందులో చెత్త పోస్తున్నారట, మొన్న ఎవరిదో మేకపిల్ల కూడా పడిందట. "గిలక ఒకటి అట్నే ఉండాదక్కా. పాత ఇనుప సామాన్లవానికి ఇచ్చేదా, నువ్వేమన్నా తీసుకుంటావా?" అని అడిగాడు. "ఉండనీ, నేనొస్తా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఈ మోకాళ్లతో, ఈ ఎండలో, అనంతపురం నుంచి గుమ్మఘట్ట దాకా కారు తోలుకుంటూ పోయి తుప్పుపట్టిన గిలకను తెచ్చుకోవాల్సిన అవసరం నాకు ఏ కోశానా లేదు. నేనుండేది అపార్టుమెంటు. అక్కడ బావి ఉండదు, ట్యాంకరు వస్తుంది. అయినా పోయాను. నాగరాజు పెళ్లాం పెట్టిన రాగిసంగటి తిన్నాను, బావిలోకి ఒకసారి తొంగి చూశాను, గిలకను డిక్కీలో వేయించుకుని బయలుదేరాను.

కళ్యాణదుర్గం దాటాక వెనకనుంచి ఒక మోత మొదలైంది. డిక్కీలో గిలక దొర్లుతోందనుకుని చెట్టు నీడన కారు ఆపి, దాన్ని పాత దుప్పట్లో చుట్టి, స్టెప్నీకి ఆనించి పెట్టాను. మళ్లీ బయలుదేరితే మళ్లీ అదే మోత. కారు నెమ్మదిస్తే సన్నగిల్లుతుంది, వేగం పెంచితే లావవుతుంది, ఎవరో గొంతులోనే మూలుగుతున్నట్టు. దొర్లే గిలక చేసే చప్పుడు కాదది. కాసేపు విన్నాక గుర్తుపట్టాను. నా పంతొమ్మిదో ఇరవయ్యో ఏట ఒక వేసవిలో ఆ మోతను వీపు వెనక పెట్టుకుని కారు నడిపినదాన్ని, గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాను? చక్రం బేరింగు పోయింది. గిలకను ఇంటికి తెచ్చుకుంటున్న రోజే పోయింది. నాకు నవ్వాలనిపించింది గానీ అప్పటికే బాగా అలిసిపోయి ఉన్నాను.

మర్నాడు రాప్తాడు దగ్గర హైవే పక్కన ఉండే శీనా షెడ్డుకు తీసుకుపోయాను. ఎన్నో ఏళ్లుగా నా కార్లు చూసే మెకానిక్కు శీనానే. వెనక చక్రం పైకెత్తి, చేత్తో తిప్పుతూ, రెండో చెయ్యి స్ప్రింగు మీద ఆనించి, "ఈడ చెయ్యి పెట్టి చూడక్కా, గరగర అంటాండాది" అన్నాడు. పెట్టి చూశాను. అంటోంది. "ఇప్పటి బండ్లకు బేరింగు ఒక్కటే రాదు, చక్రం బిగించే హబ్బుతో కలిపి ఒకటే ముక్క. కంపెనీది కావాలంటే అనంతపురం నుంచి తెప్పించల్ల. లోకల్ మాల్ అయితే ఈ పక్క అంగట్లోనే దొరుకుతాది. యాది ఏద్దామంటావు?" అన్నాడు. నేను ఆలోచించకుండా, "రెండూ తెప్పించు, తిప్పి చూస్తా" అన్నాను. శీనా నవ్వాడు. "తిప్పి చూస్తే ఏం తెలుస్తాదక్కా? కొత్తది బిగువుగానే ఉంటాది. బాగా తిరుగుతాందంటే అది అరిగినట్టే." "తెలుసప్పా" అన్నాను. నాకు తెలిసినంతగా ఆ సంగతి ఈ జిల్లాలో ఇంకెవరికైనా తెలుసా అని నా అనుమానం.

మా నాయనకు ఏ వస్తువునైనా తిప్పి చూసి కొనే అలవాటు ఉండేది. బండి చక్రం కొనేటప్పుడు ఇరుసుకు ఎక్కించి, చేత్తో ఒక్క తోపు తోసి, పక్కన గొంతుక్కూర్చుని "గోవిందా గోవిందా" అని నోట్లోనే అనుకుంటూ అది ఆగేదాకా చూసేవాడు. ఎక్కువ గోవిందలు పలికించిన చక్రమే మంచి చక్రం. గిలకలూ అంతే, తిరగలీ అంతే. నాకు రాయదుర్గంలో కుట్టుమిషను కొన్నప్పుడు అంగడాయన గుడ్డముక్క పెట్టి కుట్టు చూపించబోతే నాయన దాని వంక కూడా చూడలేదు. పక్కనున్న చక్రాన్ని తిప్పి, గోవిందలు మొదలుపెట్టాడు. ఆ మిషను ఇప్పటికీ నా దగ్గరుంది, ఇప్పటికీ కుడుతుంది, కాబట్టి ఆ పద్ధతిలో అసలేమీ లేదని అనలేను. రేపు నాకు పెళ్లి సంబంధం వస్తే పిల్లవాణ్ణి కూడా నడివీధిలో నిలబెట్టి తిప్పి చూస్తాడేమోనని అమ్మ నవ్వేది.

తిరిగే వస్తువు తేలిగ్గా తిరగడమే మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద సుఖం. బావి లోతు. నీళ్లు ఏడాదికేడాది కిందికి పోయేవి, చేంతాడుకు కొత్త తాడు ముడివేస్తూ వచ్చేవాళ్లం. ఇరుసు అరిగిన పాత గిలక కిర్రుకిర్రుమంటూ సగం బలాన్ని తనే తినేసేది. ఆ చప్పుడుతోనే మాకు తెల్లవారేది. అమ్మకు కుడి భుజం ఎప్పుడూ నొప్పే. నీళ్లు తోడి వచ్చి, వంటింటి గడప మీద కూర్చుని, ఆముదం గోరువెచ్చగా చేసి భుజానికి రుద్దుకునేది. ఆముదం కూడా ఇంట్లోదే. ఆముదాలు వేయించి, దంచి, పెద్ద కుండలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసేది. ఆ రోజున ఇల్లంతా, మా బట్టలన్నీ, చివరికి తాగే మజ్జిగ కూడా ఆముదం వాసనే. అందులో కొంత తలకు, కొంత భుజానికి, కొంత దీపానికి, మిగిలింది గడ్డి కాల్చిన మసితో కలిపి బండి ఇరుసుకు కందెన. నాయన లెక్కలో ఆముదం పట్టించకూడని కీలు, మనిషిదైనా బండిదైనా, లోకంలో లేదు.

కారు మాకు అనుకోకుండా వచ్చింది. రోడ్డు పనులు చేసే కాంట్రాక్టరొకాయన వాడి వాడి వదిలేసిన ముసలి కారు. దాన్ని తెచ్చింది చిన్నాయన. మేత దొరక్క మా ఎద్దులను అమ్ముకున్న ఏడాదే అది ఇంటికొచ్చింది. నడిపేది చిన్నాయనే. తర్వాత ఆయన పనికోసం బెంగళూరు పోతూ పోతూ నాకు నేర్పిపోయాడు. నాయన నేర్చుకోలేదు. "పగ్గాలు లేని బండిని నేను నమ్మను పాపా" అనేవాడు. నేను నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని, అద్దం దించి చెయ్యి బయటపెట్టి, ఎత్తు వచ్చినప్పుడల్లా తలుపు మీద చరిచేవాడు, ఎద్దు వీపు మీద చరిచినట్టు. కారు ఎత్తెక్కేది. తను చరిచినందుకే ఎక్కిందన్నట్టు వెనక్కి వాలి కూర్చునేవాడు.

ఆ వేసవిలో ఆ కారు చేయాల్సిన పని ఒక్కటే, చీనీ తోటను, అంటే బత్తాయి చెట్లను, బతికించడం. వేరుశనగ వేసి వేసి, ఒకసారి వాన రాక, ఒకసారి వచ్చి ఆగిపోయి, విత్తనాలు కూడా తిరిగి రాని ఏళ్లు చూసి చూసి నాయన ఆ తోట పెట్టాడు. మొక్కగా నాటినప్పటినుంచి పిల్లల్లా సాకాడు. తొలి కాపుకు పిందె పట్టింది, బోరు ఎండిపోయింది. చుట్టుపక్కల తోటల వాళ్లు అప్పుడే చెట్లు కొట్టేసి కట్టెలకు తోలుతున్నారు. నాయన మాత్రం, "వాన పడేదాకా నిలబెట్టుకుంటే చాలు, ఆపైన అవే మనల్ని సాకుతాయి" అన్నాడు. వేదవతి ఏటి ఇసుకలో మా బంధువులొకరు తవ్వించుకున్న బావిలో ఇంకా నీళ్లున్నాయి, తోడుకోమన్నారు. కారు వెనక సీటు పీకేసి డ్రమ్ములు పెట్టాం. పొద్దున్నే నేనూ నాయనా ఏటికి పోవడం, నింపుకుని రావడం, తోటలో అమ్మ కడవతో ఒక్కో పాదులో పోయడం. ఒక వరస తడిసేసరికి ముందు తడిపిన వరస ఆరిపోయేది. ఆ వేసవంతా మా ముగ్గురికీ ఒకటే ధ్యాస, మాట్లాడుకున్నది కూడా తక్కువే. ఎవరికీ ఓపిక లేదు.

అంత బరువు మోయడానికి పుట్టిన కారు కాదది. వెనకనుంచి మోత మొదలైంది. రాయదుర్గం నుంచి మస్తాను వచ్చి చూశాడు. చిన్నాయన ఉన్నప్పటినుంచీ ఆ కారును చూసే మెకానిక్కు అతనే. చక్రాలు ఊపి చూసి, "రెండు పక్కలా బేరింగులు పోయినాయన్నా. బళ్లారికి పోయి కొత్తవి తెచ్చుకో, నేనొచ్చి ఏసి పోతా" అన్నాడు. మర్నాడే నాయనా నేనూ బస్సెక్కి బళ్లారి పోయాం.

అంగడి శెట్టి మంచి మనిషి. ఆ సంగతి మొదటే చెప్పాలి, ఎందుకంటే ఆ తర్వాత జరిగిన దాంట్లో అతని తప్పేమీ లేదు. నూనె కాయితంలో చుట్టి అట్టపెట్టెలో ఉన్న కొత్త బేరింగును విప్పి మా ముందు పెట్టాడు. నాయన దాన్ని ఎడమచేతి వేళ్లకు తొడుక్కుని కుడిచేత్తో తిప్పాడు. సగం గోవింద కూడా కాకముందే ఆగిపోయింది. ఇంకోటి అడిగాడు. అదీ అంతే. బల్ల చివర పళ్లెంలో, కిరసనాయిలుతో కడిగిన బేరింగులు కొన్ని తళతళలాడుతూ ఉన్నాయి. నాయన చెయ్యి అటు పోయింది. తిప్పాడు. అది తిరిగింది. తిరుగుతూనే ఉంది. నాయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను.

"అది వాడిందప్పా," అన్నాడు శెట్టి. "కడిగి పెట్టినా, మిషన్లకు తీసుకపోతారని. కారుకు గాదు. కొత్తది తీసుకో."

"కొత్తదైతే ఎందుకు తిరగదు?"

"దాంట్లో గ్రీసు ఉంటాదప్పా, గుండ్లు బిగువుగా కూర్చుని ఉంటాయి. బండి కిందికి పోతే అదే దోవకొస్తాది."

"తిరగనిది దోవకెట్లొస్తాది?" అన్నాడు నాయన. నేను కూడా చెప్పాను, కొత్తదే తీసుకుందాం నాయనా అని. "నువ్వు ఊరుకో పాపా. చక్రాల సంగతి నాకు చెప్తాండావే" అన్నాడు. డబ్బుకు వెనకాడి అన్న మాట కాదది. కొత్తవి కొనడానికని తెచ్చిన డబ్బు జేబులో ఉండనే ఉంది. ఆయన నిజంగానే మంచిదాన్ని ఏరుకున్నాననుకున్నాడు. శెట్టి నా వంక చూసి, "నీ ఇష్టమప్పా" అని అటువంటిదే ఇంకోటి వెతికి, రెండూ పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. బస్సులో వచ్చినంత సేపూ ఆ పొట్లం నాయన ఒళ్లోనే ఉంది.

మస్తాను చూడగానే, "ఇవి లూజుగా ఉండాయి గదన్నా" అన్నాడు. "లూజు గాదప్పా, నున్నగా ఉండాయి" అన్నాడు నాయన. మస్తాను కాసేపు నసిగి, మనిషి ముఖం చూసి, పనిముట్ల సంచి దించాడు. మా వాకిట్లోనే వేపచెట్టు కింద చక్రాలు విప్పాడు. పాతవాటిని పుల్లరు పెట్టి లాగి, హబ్బులు కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాడు. కొత్తగా తెచ్చినవాటికి వేలితో గ్రీసు కూరి, పళ్లెంలో పెట్టి, చేతులు కడుక్కుని అమ్మ పెట్టిన అన్నం తినడానికి వరండాలోకి పోయాడు. నాయన ఒకదాన్ని తీసి తిప్పి చూశాడు. గ్రీసు పట్టాక అది తిరగడం లేదు. ఆయన ముఖం చిన్నబోయింది. గుడ్డతో గ్రీసంతా తుడిచి తుడిచి, అమ్మ వంటింట్లోంచి ఆముదం గిన్నె తెచ్చి, గుండ్ల సందుల్లో పోసి, మళ్లీ తిప్పాడు. తిరిగింది. గోవిందా. అన్నం తిని వచ్చిన మస్తాను చూసి, "ఆముదం ఎద్దులబండికన్నా, కారుకు నిలవదు" అన్నాడు. "అన్నిటికీ ఇరుసు ఇరుసే" అన్నాడు నాయన. మస్తాను నిట్టూర్చి, కర్రముక్క అడ్డం పెట్టి, సుత్తితో చుట్టూ కొంచెం కొంచెంగా కొడుతూ వాటిని హబ్బుల్లోకి దించాడు. పోతూ పోతూ నాతో మాత్రం, "మెల్లిగా తోలు పాపా" అన్నాడు.

మొదట మోత లేదు. ఏటికి పోయేదారిలో కారు సద్దు చేయకుండా పోతుంటే నాయన తలుపు మీద చరిచి, "చూసినావా" అన్నాడు. నిజంగానే నాకూ సంతోషమేసింది. కొన్నాళ్లు నడిచింది. తర్వాత ఒకరోజు నీళ్లతో తిరిగి వస్తుంటే కారులో అమ్మ వాసన వచ్చింది. అమ్మ అక్కడ లేదు, తోటలో మాకోసం చూస్తూ ఉంది. వెచ్చచేసిన ఆముదం వాసన, వంటింటి గడప మీద సాయంత్రాల వాసన. నాకు ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. ఆ వాసన ఎక్కడనుంచి వస్తోందో తట్టేలోపల అది మాడిన వాసనగా మారింది. వెనక చక్రం కీచుమని పట్టేసింది. కారు పక్కకు ఈడ్చుకుపోయి ఆగింది. డ్రమ్ములు ఒరిగిపోయి నీళ్లన్నీ తలుపుల సందుల్లోంచి రోడ్డు మీదికి పోయాయి. ఇద్దరం దిగి నిలబడ్డాం. ఆ నేల నీళ్లు తాగే వేగం చూస్తే భయమేసింది. నేను ఏడుస్తున్నాను. నాయన చక్రం దగ్గర కూర్చుని హబ్బు మీద చెయ్యి పెట్టి, కాలి, తీసేశాడు. మళ్లీ పెట్టాడు.

మస్తాను వచ్చి విప్పితే గుండ్లు నల్లగా మాడి, కొన్ని పగిలి ఉన్నాయి. నాయన పక్కనే నిలబడి ఉన్నాడు, గడపలో అమ్మా నేనూ. మస్తాను తల ఎత్తకుండా, "లోడు ఎక్కువైనాదన్నా. ఏ బేరింగైనా ఇంతే" అన్నాడు. అది అబద్ధమని మా నలుగురికీ తెలుసు. ఈసారి మస్తానే బళ్లారి పోయి కొత్తవి తెచ్చాడు. కానీ ఆ చక్రం పట్టేసినప్పుడు లోపలి ఇరుసు కూడా చెడింది, అది వెతికి తెచ్చేదాకా కారు వాకిట్లో రాళ్ల మీద నిలబడే ఉంది. బండి కట్టడానికి ఎద్దులు లేవు. అమ్మా నేనూ ఇంటి బావినుంచి కడవలు మోశాం. అవి ఎన్ని చెట్లకు వస్తాయి? ముందు ఆకులు ముడుచుకున్నాయి, తర్వాత పిందెలు రాలాయి. కారు బాగయ్యేసరికి చెట్లకు నీళ్లక్కర్లేదు. కొట్టడానికి నాయన ఎవరినీ పిలవలేదు. గొడ్డలి తీసుకుని తనే పోయాడు. అమ్మ ఆ మధ్యాహ్నమంతా వంటింట్లోనే ఉండిపోయింది. "నాయనను ఏమీ అనొద్దు పాపా" అని నాతో ఒక్కమాట అంది. నేను అనలేదు. అనాలని చాలా ఉండింది.

రెండో చక్రంలోంచి తీసిన బేరింగు మాత్రం చెడిపోకుండా ఉంది. మస్తాను దాన్ని పక్కన పారేస్తే నాయన తీసి దాచాడు. కొన్నాళ్లకు కమ్మరి దగ్గరికి తీసుకుపోయి, కొత్త గిలక చేయించి, దాని నడుమ ఆ బేరింగు బిగించి తెచ్చాడు. బావి మీద వేలాడదీసి పక్కకు జరిగాడు. అమ్మ చేంతాడు లాగింది. ఆగి, గిలకను చూసింది. మళ్లీ లాగింది. చప్పుడే లేదు. "ఎంత తేలికగా ఉండాదో" అంది. తోట పోయాక అమ్మ నోట్లోంచి వచ్చిన మొదటి మంచిమాట అదేనేమో. ఆ తర్వాత భుజానికి ఆముదం రుద్దుకోవడం తగ్గింది. బావి పూర్తిగా ఎండేదాకా అమ్మ ఆ గిలక మీదే తోడింది. చాలా ఏళ్ల తర్వాత, అమ్మ పోయిన కొన్నాళ్లకు, నాయన బావి గట్టు మీద కూర్చుని గిలకను ఊరికే తిప్పుతూ, నేను అడగకుండానే అన్నాడు, "కారుకని నేను కొనుక్కొచ్చింది బేరింగు గాదు పాపా. మీ అమ్మకు గిలక." తోట గురించి ఆయన నాతో మాట్లాడింది అదొక్కసారే.

శీనా పని చాలా త్వరగా అయిపోయింది. కంపెనీదే వేయించాను. నాలుగు బోల్టులు విప్పాడు, పాత హబ్బు తీశాడు, కొత్తది పెట్టి టార్కు రెంచితో కటుక్కుమనేదాకా బిగించాడు. నేను తెప్పించుకున్న టీ ఇంకా వేడిగానే ఉంది. రోడ్డుకు ఆవల ఎవరిదో పొలం బీడుపడి ఉంది, దాని మీద ఎండ కదలకుండా కూర్చుని ఉంది. అప్పుడు ఒక చక్రం ఆగితే ఒక తోట ఎండిపోయింది. ఇప్పుడు నా కారు ఎక్కడ ఆగిపోయినా ఎండిపోయేదంటూ ఏదీ లేదు. ఫోను చేస్తే ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోతారు. అది సుఖమే, కాదనను. కానీ ఎవరో పాదుల దగ్గర ఖాళీ కడవతో నిలబడి నా కోసం దారి చూసిన రోజులు కూడా అప్పటివే. నా అవసరం మళ్లీ ఎవరికీ అంతగా పడలేదు. ఇన్నేళ్లకు అలసట అంటే ఇదేనేమో అనిపించింది, పని చేసి వచ్చేది కాదు.

"పాతది పారేద్దునా అక్కా?" అని శీనా విప్పిన హబ్బును నా ముందు బల్ల మీద పెట్టాడు. దాని పక్కన, మేం వద్దన్న లోకల్ మాలు కొత్త హబ్బు పెట్టెలోనే ఉంది. ముందు కొత్తదాన్ని చేత్తో తిప్పాను. బరువుగా కదిలి, వెంటనే ఆగింది. తర్వాత పాతదాన్ని తిప్పాను. అది సన్నగా మూలుగుతూ తిరిగింది. తిరుగుతూనే ఉంది. నాకు తెలియకుండానే నా పెదాలు గోవిందా అంటున్నాయి. శీనా చేతులు తుడుచుకుంటూ వింతగా చూశాడు. అది ఆగేసరికి నా కళ్లు నిండి ఉన్నాయి.

నాయనైతే దాన్నే కొని ఉండేవాడు.